పండగ బిస్కెట్లు మెత్తగా రావాలంటే

డిసెంబరు నెల వచ్చింది. క్రిస్మస్ దగ్గర పడింది. వాకిట్లో కాగితం నక్షత్రం కట్టారు. లోపల అత్తా కోడళ్లు పిండివంటల సంగతి మాట్లాడుకుంటున్నారు.

"అరిసెలు, కజ్జికాయలు ఎటూ చేస్తాం. బిస్కెట్లు కూడా చేద్దామా అత్తయ్యా?" అంది కోడలు.

"వద్దమ్మా! పోయిన ఏడు చేసినవి రాళ్లే. నా పళ్లకి ఆనలేదు. పిల్లలు పాలల్లో నానబెట్టుకుని తిన్నారు. వెన్న, గుడ్లు, పంచదార అన్నీ దండగ" అంది అత్త.

కోడలు మాట్లాడలేదు. ఆ బిస్కెట్లు తనే చేసింది. చర్చి దగ్గర నలుగురికీ పంచాలనుకుంది. పంచడానికి సిగ్గేసింది. డబ్బాలోనే ఉంచేసింది.

కాసేపాగి అంది: "తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలిసింది అత్తయ్యా. పక్కింటి వదిన నోటితో చెప్పింది. నేను విని చేశాను. రెండు గ్లాసుల మైదా అంది. వాళ్ల గ్లాసు చిన్నది, మన గ్లాసు పెద్దది. పిండి ఎక్కువైపోయింది. ఆవిడ చెప్పింది బేకింగ్ పౌడర్. నేను వేసింది వంట సోడా."

"మరి ఇప్పుడెలా?"

"నిన్న వదిన గ్లాసుతో పిండి కొలిచి, కొట్లో తూకం వేయించాను. అన్నీ గ్రాముల్లో తెలుసుకున్నాను. నేను చెబుతాను, మీరు రాయండి. మీకు రాయడం వచ్చింది కదా!"

అత్త కళ్లజోడు పెట్టుకుంది. రాత్రి బడి నోటుపుస్తకం తీసింది. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని రాసింది.

అత్త రాసిన చీటీ

మైదా – 250 గ్రాములు
వెన్న – 125 గ్రాములు
పంచదార పొడి – 125 గ్రాములు
గుడ్డు – 1
బేకింగ్ పౌడర్ – అర చిన్న చెంచా
ఉప్పు – చిటికెడు
ఏలకుల పొడి – కొంచెం

ఈ కొలతకి సుమారు 25 బిస్కెట్లు వస్తాయి.

పిండి కలిపే పద్ధతి

వెన్న మెత్తగా ఉండాలి, కరిగిపోకూడదు. ఇంట్లో చిలికిన వెన్న అయితే మజ్జిగ లేకుండా బాగా పిండాలి. వెన్న, పంచదార పొడి కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టాలి. గుడ్డు కొట్టి వేసి మళ్లీ కలపాలి.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు, ఏలకుల పొడి కలిపి జల్లించాలి. దీన్ని వెన్నలో కొంచెం కొంచెంగా వేసి ముద్ద చేయాలి. ముద్ద కట్టగానే ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. మూతపెట్టి అరగంట చల్లని చోట ఉంచాలి.

పచ్చి పిండిని పిల్లల్ని నాకనివ్వకండి. పచ్చి గుడ్డు, పచ్చి పిండి వల్ల జబ్బు చేయవచ్చు.

అరగంట అయ్యాక ముద్దను పావు అంగుళం మందాన ఒత్తాలి. గ్లాసు మూతితో గుండ్రంగా కోయవచ్చు. నక్షత్రం కావాలంటే అట్టముక్కను నక్షత్రంలా కత్తిరించి, పిండి మీద పెట్టి, చుట్టూ చాకుతో కోయాలి.

పొయ్యి మీద కాల్చే పద్ధతి

ఓవెన్ ఉన్నవాళ్లు 180 డిగ్రీల వేడిలో 10 నుంచి 12 నిమిషాలు కాలుస్తారు. ఓవెన్ లేకపోయినా ఫరవాలేదు. మందపాటి పాత గిన్నె తీసుకోండి. అడుగున శుభ్రమైన పొడి ఇసుక ఒక అంగుళం పోయండి. దాని మీద చిన్న స్టాండు పెట్టండి. మూతపెట్టి 10 నిమిషాలు వేడి చేయండి.

పళ్లేనికి నెయ్యి రాసి బిస్కెట్లు ఎడంగా పేర్చండి. పళ్లేన్ని స్టాండు మీద పెట్టి మూతపెట్టండి. మంట తగ్గించండి. 15 నుంచి 20 నిమిషాలు పట్టవచ్చు. 12 నిమిషాలకే ఒకసారి మూత తీసి చూడండి. గిన్నె బాగా కాలి ఉంటుంది, గుడ్డతో పట్టుకోండి.

పొయ్యి పొయ్యికీ వేడి మారుతుంది. అందుకని ముందు ఒక్క బిస్కెట్టే కాల్చి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో చీటీలో రాసుకోండి. మిగతావి ఆ లెక్క ప్రకారం కాల్చండి.

గట్టిపడకుండా ఏం చేయాలి?

1. పిండి ఎక్కువ కాకూడదు. పిండి ఎక్కువైతే బిస్కెట్టు ఎండిపోతుంది. గ్లాసుతో కాక తూకంతో కొలవండి.

2. ఎక్కువ మర్దించకూడదు. మైదాలో సాగే గుణం ఉంది. మర్దించేకొద్దీ జిగురు పెరుగుతుంది. బిస్కెట్టు బిరుసెక్కుతుంది.

3. వెన్న బదులు నెయ్యి వేయకూడదు. వెన్నలో కొంచెం నీరు ఉంటుంది. అది మెత్తదనం ఇస్తుంది. నెయ్యిలో నీరు ఉండదు. నెయ్యి వేస్తే బిస్కెట్టు గుల్లగా పొడిపొడి అవుతుంది.

4. ఎక్కువసేపు కాల్చకూడదు. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. నడిమి భాగం తెల్లగా, మెత్తగానే ఉంటుంది. కాలలేదని భయపడవద్దు. చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. నడుమ తడిగా మెరుస్తుంటే మాత్రం ఇంకో 2 నిమిషాలు ఉంచాలి.

5. వంట సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. రెండూ తెల్లని పొడులే. కానీ సోడా చాలా ఘాటు. ఎక్కువైతే చేదుగా, సబ్బు రుచిగా ఉంటుంది. డబ్బా మీద పేరు ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్లని అడగండి. తెలుగులో చీటీ రాసి డబ్బాకి అంటించండి.

రంగుల పూత

అమెరికాలో ఇలాంటి బిస్కెట్లను షుగర్ కుకీలు అంటారు. క్రిస్మస్‌కి పెద్దలూ పిల్లలూ కూర్చుని వాటి మీద రంగుల పంచదార పూత వేస్తారు. మనమూ వేసుకోవచ్చు.

100 గ్రాముల పంచదారను మెత్తగా పొడి చేసి, పలుచని గుడ్డలో జల్లించండి. కాచి చల్లార్చిన పాలు చెంచా చెంచా పోసి కలపండి. మూడు నాలుగు చిన్న చెంచాలు చాలు. పూత దోసెల పిండిలా జారాలి. పలచబడితే ఇంకొంచెం పంచదార పొడి కలపండి.

గులాబీ రంగుకి కొన్ని పాల బదులు బీట్‌రూట్ రసం పోయండి. పసుపు రంగుకి చిటికెడు పసుపు చాలు. ముగ్గుల రంగులు, బట్టల రంగులు ఎప్పుడూ వాడకండి. అవి తినేవి కావు.

బిస్కెట్లు పూర్తిగా చల్లారాకే పూత వేయాలి. వేడి మీద వేస్తే కరిగి కారిపోతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో పూత పోసి, మూల కొంచెం కత్తిరించి పిండితే గీతలు, చుక్కలు పెట్టవచ్చు. ఆరాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. పక్కన ఒక రొట్టె ముక్క ఉంచితే మెత్తదనం ఇంకా నిలుస్తుంది.

ఆ సాయంత్రం

మొదటి బిస్కెట్టు అత్త చేతికిచ్చింది కోడలు. అత్త కొరికింది. మెల్లగా నమిలింది. "పళ్లు లేనివాళ్లు కూడా తినొచ్చే!" అంది. పండగనాడు కోడలు డబ్బా చర్చికి తీసుకెళ్లింది. తిరిగి ఖాళీ డబ్బా తెచ్చింది.

మర్నాడు ఎదురింటావిడ వచ్చింది. "బిస్కెట్లు ఎలా చేశారు పిన్నీ? కొంచెం చెప్పు" అంది.

"నోటితో చెప్పనమ్మాయ్" అంది అత్త. "కూర్చో. రాసిస్తాను."

ఆలోచించండి – రాయండి

1. పోయిన ఏడు బిస్కెట్లు ఎందుకు గట్టిపడ్డాయి?
2. బిస్కెట్టు కాలిందని ఎలా తెలుస్తుంది?
3. మీ ఇంట్లో ఒకేలా కనిపించే పొడులు ఏవి ఉన్నాయి? వాటి పేర్లు రాసి డబ్బాలకి అంటించండి.
4. మీకు బాగా వచ్చిన ఒక పిండివంట కొలతలు గ్రాముల్లో రాయండి.