అడవి చదువుకు లాంగ్‌టర్మ్ కోచింగ్ దేనికి?

ఖమ్మంలో బైపీసీ పిల్లలకు నీట్‌లో ర్యాంకు రాకపోతే మర్నాడే లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేస్తారు. అడవులంటే ఇష్టమని పిల్ల నోరు విప్పితే, "అయితే ఫారెస్ట్ సర్వీస్ (ఐఎఫ్ఎస్) రాయి" అంటూ ఇంకో కోచింగ్ సెంటర్ చూపిస్తారు. అడవిలో పనంటే యూనిఫామూ జీపూ మాత్రమేనా?

తపసి జిగురు సంగతే చూడండి. ఏజెన్సీలో గిరిజనులు దాన్ని సేకరించి గిరిజన సహకార సంస్థకు (జీసీసీ) అమ్ముతారు. పూర్వం గొడ్డలితో లోతుగా నరికేవారు, చెట్లు ఎండిపోయేవి. కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, జీసీసీ కలిసి చిన్న గాటు పెట్టడం, జిగురును మట్టి అంటకుండా తీయడం నేర్పాయి. ఎంత గాటు పెడితే చెట్టు మానుతుందో తేల్చేది జీవశాస్త్రం. ఆ మాట గూడెంలో చెల్లాలంటే అక్కడివాళ్లకి చెట్ల గురించి తెలిసింది ముందు మనం వినాలి.

వినే ఓపిక లేనివాళ్లకు ఈ దారి వద్దంటాను. ఇక్కడ పోడు తగాదాలు ప్రాణాల మీదికి వస్తాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. 2006 అటవీ హక్కుల చట్టం చదవని బయాలజిస్టు భద్రాచలం అడవుల్లో ఎన్ని పులి జాడలు లెక్కపెట్టినా సగం పనే చేసినట్టు.

డిగ్రీ తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనో ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష రాయొచ్చు. సీట్లు కొద్ది. ఎన్‌సీబీఎస్‌లో ఏటా ప్రవేశాలు ఉండవు కూడా. ఫారెస్ట్రీ డిగ్రీయే కావాలంటే సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది.

జీతం సంగతి దాచను. మొదట్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, డాక్టరు సంపాదనతో పోల్చుకుంటే నిరాశే. అప్పు చేసి చదివించాల్సిన ఇల్లయితే పిల్లతో కూర్చుని ఆ లెక్క ముందే వేసుకోండి. కానీ రెండేళ్ల లాంగ్‌టర్మ్‌కీ హాస్టల్‌కీ పోసిన డబ్బుకు లెక్క అడగని తండ్రులు, ఈ చదువు దగ్గర మాత్రం పైసా పైసా అడగడం నాకు విచిత్రంగా ఉంటుంది.

వారం రోజుల "వైల్డ్‌లైఫ్ సర్టిఫికెట్" కోసం వేలు కట్టమనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. దానికి బదులు సెలవుల్లో ఇప్పపువ్వు ఎప్పుడు రాలిందో, ఎవరు ఏరారో, ఎంతకు అమ్మారో నోట్‌బుక్‌లో రాసుకోండి. గూడెంలో మాట వినాలంటే ఖమ్మం పిల్లలు కోయ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాలి. చర్ల, దుమ్ముగూడెం పిల్లల్లో చాలామందికి అది ఇంట్లోనే వచ్చు. వాళ్లనూ పట్టుకెళ్లి నీట్ బ్యాచ్‌లో కూర్చోబెడుతున్నాం.