రేడియోలో నాన్న గొంతు

ప్రశ్న: చేపల వేటకెళ్లిన నాన్న తిరిగి రాలేదు. ఆన్‌లైన్‌లో కొన్న స్పిరిట్ బాక్సులో రాత్రిళ్లు ‘చిన్నా’ అని పిలుస్తున్నాడు. నిజమేనాండీ? – ఒక పాఠకుడు, గిలకలదిండి

జవాబు: మీరు విన్నది అబద్ధమనను. అయితే ఆ పెట్టె స్టేషన్లను గబగబా తిప్పే రేడియో, అంతే. చీకటి పడ్డాక మీడియం వేవ్ ప్రసారం పైనున్న అయనావరణాన్ని తాకి వందల కిలోమీటర్లు పోతుంది. తమిళ పాట ముక్క తగిలినా ‘చిన్నా’ అన్నట్టే ఉంటుంది. ఎదురుచూసే చెవి మిగతాది పూరించుకుంటుంది. 1959లో స్వీడన్‌లో పిట్టల కూతలు రికార్డు చేసిన యుర్గెన్సన్ అనే ఆయన కూడా, తర్వాత టేపుల్లో చనిపోయిన తల్లి గొంతు విన్నానన్నాడు.

రికార్డు చేసి, సంగతి తెలియని ఇద్దరికి విడివిడిగా వినిపించి రాయించండి. ఇద్దరూ ‘చిన్నా’ అనే రాస్తే నాకు మళ్లీ రాయండి. ఈలోగా శాంతిపూజంటూ డబ్బడిగేవాళ్లను గడప తొక్కనివ్వకండి.