శస్త్రహతుల తిథి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, అరోరా నగరములో, గాజుపలకల స్మారకమొకటి కలదు. ఆ రాష్ట్రమునుండి యుద్ధములకేగి మరణించిన, జాడ తెలియని సుమారు 6,000 మంది స్మృత్యర్థము అది 2013లో ప్రారంభింపబడినది. వారి పేర్లే దానిపై నిలిచియున్నవి.

ఆ రాష్ట్రమునుండి వెళ్లినవాడే జో మార్టినెజ్. వ్యవసాయకూలీ కుమారుడు, పదాతిదళములో సామాన్య సిపాయి. 1943 మే నెలలో, దూరసముద్రమునందలి అట్టు దీవిలో, మంచుకొండపై జపాను సేనల కాల్పులకెదురేగి, తోటివారికి దారిచూపి నేలకొరిగెను. అప్పటికి వయస్సు 22 ఏండ్లు. మరణానంతరము ఆ దేశపు అత్యున్నత శౌర్యపతకము లభించెను.

మన సంప్రదాయమున ఇట్టివారికి ప్రత్యేక తిథి కలదు. భాద్రపద బహుళ చతుర్దశి ఆయుధములచే మరణించినవారి శ్రాద్ధదినము. ఆపై వచ్చు మహాలయ అమావాస్య సర్వపితరులది. తర్పణమున పేరును, గోత్రమును చెప్పుదురు. గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రము చెప్పుట ఆచారము.

ఓడ దిగి చెరకుతోటలలో శ్రమించిన మన పెద్దలలో పలువురి గోత్రములు మరుగుపడినవి. అందుచేత తర్పణము మాననక్కరలేదు. కాని పేరు మరచినచో ఎవరిని పిలువగలము? అరోరాలో పేర్లను గాజు నిలుపుచున్నది. మన ఇండ్లలో నాలుకయే నిలుపవలెను. కనుక తాతముత్తాతల పేర్లు పిల్లలకు నేర్పుదము.