చల్లటి చోటు దాన్నే వెతుక్కోనివ్వు

చి.సౌ. అమ్మాయికి,

మీరు కొత్త ఫ్లాటులోకి మారారని, అది అయిదో అంతస్తని, దానిపైన ఇక డాబాయేనని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మీ కుక్క పింకీని కూడా తీసుకెళ్లారట, సంతోషం. కానీ విజయవాడ ఎండ, పై అంతస్తు, పడమటి బాల్కనీ, చప్పిడి ముక్కు పగ్ కుక్క, ఈ నాలుగూ ఒకే ఇంట్లో చేరాయని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రోహిణి కార్తె ఇంకా ముందుంది. మే 25 దాటాక ఆ రెండు వారాలూ ఎలా ఉంటాయో బెజవాడలో ఉండేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పశువుల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ వేసవిలో వడదెబ్బతో వచ్చిన కుక్కల్ని చూశాను. వాటిలో చాలామట్టుకు ఇళ్లలో ముద్దుగా పెంచినవే. తలుపు వేసిన గదిలో ఉండిపోయో, బాల్కనీలో గొలుసుకు కట్టేసి ఉండో దెబ్బ తిన్నవి. మన పల్నాడు ఎండలో, ఆ రెంటచింతల వైపు కూడా, ఊరకుక్క మధ్యాహ్నం ఎక్కడుంటుందో ఎప్పుడన్నా గమనించావా? పొద్దున తొమ్మిదయ్యేసరికి నీళ్ల గోలెం పక్కన తడి మట్టిలోనో, అరటి పాదులోనో, అరుగు కిందో చిన్న గుంట తవ్వుకుని పొట్ట ఆనించి పడుకుంటుంది. నీడ జరిగితే అదీ జరుగుతుంది. అక్కడ వేడెక్కితే లేచి ఇంకో చోటు చూసుకుంటుంది. ఎండకాలం గట్టెక్కే విద్య దానికి పుట్టుకతోనే వచ్చింది. ఫ్లాటులోకి తెచ్చి తలుపు మూశామంటే ఆ విద్యకు తాళం వేసినట్టే. కాబట్టి తల్లీ, ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకు. మీరిద్దరూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు పింకీని ఒక్క గదిలో పెట్టి తలుపు వేయొద్దు. కట్టేయొద్దు. బాల్కనీలో అసలే వదలొద్దు. పొద్దున పదింటికి నీడగా ఉన్న పడమటి బాల్కనీ రెండింటికి పెనంలా కాలుతుంది.

హాలు, వంటింటి గట్టు కింద చోటు, మంచం కింద, అన్నిటికంటే ముఖ్యంగా బాత్రూము, ఇవన్నీ దానికి అందుబాటులో ఉండాలి. గాలికి తలుపులు పడిపోకుండా ఒక్కో తలుపు దగ్గర బరువైనది ఏదన్నా పెట్టు. బాత్రూము నేల కుక్కలకు ఎంత ఇష్టమో నువ్వే చూస్తావు. అయితే అక్కడ ఫినాయిలు వాడొద్దు. అది పడుకుంటుంది, పాదాలు నాక్కుంటుంది, ఆ మందంతా కడుపులోకి పోతుంది. అది పడుకునే చోట్ల ఉత్త నీళ్లతో తుడిస్తే చాలు. కమోడు మూత వేసి ఉంచు.

చల్లబరచడానికి మనం చేసే పనులు కొన్ని కుక్కకు ఎందుకు పనికిరావో తెలియాలంటే దాని ఒంటి సంగతి కొంచెం చెప్పాలి. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, అది ఆరేటప్పుడు వేడి పోతుంది. కుక్కకు పాదాల మెత్తల దగ్గర తప్ప చెప్పుకోదగ్గ చెమట లేదు. నోరు తెరిచి రొప్పితే నాలుక మీది తడి, ముక్కు లోపలి తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. దానికున్న దారి ముఖ్యంగా అదే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే, ముసురు పట్టిన రోజు దండెం మీద బట్టలు ఆరనట్టే, ఆ తడీ ఆరదు. అది ఇంకా గట్టిగా రొప్పుతుంది. రొప్పడమూ ఒంటికి శ్రమే కాబట్టి ఆ శ్రమతో మళ్లీ వేడి పుడుతుంది. పగ్‌కు ఇంకో కష్టం ఉంది. నొక్కుకుపోయిన మూతిలో గాలి ఆడే చోటే తక్కువ. పెద్ద మూతి ఉన్న మన నాటుకుక్క హాయిగా తట్టుకునే ఉక్కలో పింకీ ఊపిరి అందక కొట్టుకుంటుంది. దాని ముచ్చటైన ముఖమే దానికి శత్రువు. ఇలాంటి కుక్కను తెచ్చుకున్నవాళ్లు వేసవిలో మిగతావాళ్లకంటే రెట్టింపు జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు కూలర్ మాట. రామగుండంలోనో హైదరాబాదులోనో పొడి ఎండకు కూలర్ బాగా పనిచేస్తుంది. విజయవాడలో పడమటి గాలి కొట్టే పొడి రోజుల్లో, ఎదురుగా కిటికీ తీసి ఉంటే, అక్కడా పనిచేస్తుంది. కానీ ఉక్కపోత రోజున తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గదిలో తేమ పెరుగుతుందే తప్ప చల్లదనం రాదు. మనకే ఊపిరాడదు, ఇక కుక్క సంగతి చెప్పేదేముంది? అలాంటి రోజున కూలర్ కట్టేసి ఏసీ వేయండి. 26, 27 డిగ్రీల మీద ఉంటే చాలు, గడ్డకట్టించక్కర్లేదు. ఏసీ గది తలుపు జానెడు తెరిచి ఉంచితే చలేసినా, లోపల వేడెక్కినా పింకీ బయటికి వస్తుంది. కొంచెం కరెంటు ఎక్కువ కాలినా ఫరవాలేదు.

ఫ్యాను గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. ఫ్యాను గాలి మన చెమటను ఆరుస్తుంది కాబట్టి మనకు హాయి. పొడి బొచ్చు మీద ఆ గాలి చేసేది తక్కువ. గదిలో వేడి నలభై దగ్గరికి చేరితే ఆ గాలి వేడిగాలే. పొట్టనీ, చంకల్నీ, తొడల సందుల్నీ నీళ్లతో తడిపి ఫ్యాను కింద పెడితే మాత్రం మంచి గుణం కనిపిస్తుంది.

వేసవిలో కరెంటు పోవడం మామూలే. మీరు ఇంట్లో లేనప్పుడు పోయిందనుకో, తిరిగొచ్చినప్పుడు ఏసీ తనంతట తను ఆన్ అవుతుందా లేదా? కొన్ని అవుతాయి, కొన్ని కావు. ఈ రాత్రే మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేసి చూడండి. ఆన్ కాకపోతే ఏసీని నమ్ముకుని కుక్కను వదిలి వెళ్లడం కుదరదు. ఇన్వర్టరు మీద హాలు ఫ్యాను ఒకటైనా నడవాలి. ఎదురింటివాళ్లకో, మీకు నమ్మకమున్న వాచ్‌మన్ భార్యకో ఒక తాళంచెవి ఇచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి తలుపు తీసి చూడమని చెప్పు. ఈ ఒక్క ఏర్పాటు ముందు ఏసీ కూడా దిగదుడుపే అంటాను.

నాలుగింటికి ఎందుకంటే, పై అంతస్తులో స్లాబు వేడి ఆలస్యంగా దిగుతుంది. పగలంతా పైన తాగిన ఎండ కాంక్రీటులోంచి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. బయట పొద్దు వాలి చల్లబడ్డట్టు అనిపించే వేళకు ఇంటి కప్పు లోపలివైపు సెగ కక్కుతూ ఉంటుంది. అందుకని కిటికీలు రాత్రంతా తీసి, పొద్దున ఎనిమిదింటికల్లా మూసేయాలి. పడమటి అద్దానికి లోపల తెర వేయడం కంటే బయట బాల్కనీకి వెదురు తడికో, పచ్చ వలో కట్టడం మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర చేయగలిగింది కొద్దే. మీ అపార్టుమెంటువాళ్లు ఒప్పుకుంటే డాబాకు సున్నమో, చల్లదనపు తెల్ల రంగో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఆంధ్రాలో ఉన్నా సున్నం పని సున్నం చేస్తుంది. పాతకాలంలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. పొడిగాలి రోజున అది ఇప్పటికీ బంగారం.

తాగే నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టు. దాని మూతికి లోతు గిన్నె కష్టం, వెడల్పాటి మట్టి మూకుడు సుఖం, నీళ్లూ చల్లగా ఉంటాయి. ఎనిమిది కిలోల కుక్కకు మామూలు రోజుల్లోనే దాదాపు అర లీటరు కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ. ఐసు ముక్కలు వేస్తే కడుపు ఉబ్బి చచ్చిపోతుందని మీ అమ్మకు ఎవరో చెప్పారట. ఆరోగ్యంగా ఉన్న కుక్క గిన్నెలో నాలుగు ఐసు ముక్కలు వేస్తే భయం లేదు. తిండి తెల్లవారుజామునా, రాత్రికీ. ఉప్పు, ఉల్లిపాయ, తాలింపు లేని పెరుగన్నం కొంచెం పెట్టొచ్చు. ద్రాక్షపళ్లు మాత్రం వద్దేవద్దు, అవి కుక్క మూత్రపిండాలకు విషం. మామిడి టెంక నేలమీద వదలకండి, మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది.

వేసవి వచ్చిందని బొచ్చు నున్నగా గొరిగించకు. రోజూ దువ్వితే రాలే బొచ్చు పోయి గాలి ఆడుతుంది. దువ్వేటప్పుడు చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులున్నాయేమో చూడు. ఎండకాలంలో అవి గోడ పగుళ్లలో కూడా పెరుగుతాయి, వాటివల్ల జ్వరం వస్తుంది. అంతకంటే ముఖ్యం దాని బరువు. నువ్వు పంపిన ఫొటోలో పింకీ బాగా ఒళ్లు చేసింది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి. కొవ్వు పట్టిన పగ్‌కు వేసవి చాలా ప్రమాదం, ఇది నిన్ను నొప్పించినా చెప్పాల్సిందే. అలాగని ఎండలో నడిపించి తగ్గించాలని చూడకు. తెల్లారి అయిదింటికి కాసేపు, రాత్రి తొమ్మిది దాటాక కాసేపు, అదీ సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించగలిగితేనే. కారులో వదిలి అయిదు నిమిషాల్లో వస్తామనడం ఎప్పటికీ వద్దు.

ఇక అసలు ప్రమాదం. పడుకుని ఉన్నా రొప్పు ఆగకపోవడం, నాలుక వెడల్పై చివర పైకి తిరగడం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, ఇవి మొదటి గుర్తులు. చొంగ చిక్కగా తీగ సాగడం, చిగుళ్లు ఇటుక రంగుకు తిరగడం, తూలడం, వాంతి, రక్తపు విరేచనం, ఫిట్స్, ఇవి కనిపిస్తే వడదెబ్బే. ఆసన మార్గంలో థర్మామీటరు పెడితే మామూలు కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ఇక ఆలోచించే పని లేదు. 106కు చేరితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

అప్పుడు ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2016 నుంచి 2018 దాకా వడదెబ్బతో వచ్చిన కుక్కల వివరాలు చూసి 2023లో ప్రకటించారు. బయలుదేరే ముందు యజమానులు చల్లబరిచినవి దాదాపు అయిదింట ఒకటే. చల్లబరిచిన పద్ధతుల్లోనూ అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది తడి తువ్వాలు కప్పడమే. అలా కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. నువ్వు నేరుగా నీళ్లు పొయ్యి. దాని ఒంటికంటే చల్లటి నీళ్లు ఏవైనా సరే. మెడ, పొట్ట, తొడల సందుల మీద పోస్తూ, ముక్కులోకి పోకుండా తల ఎత్తి పట్టుకుని, ఫ్యాను పూర్తిగా పెట్టు. ఇక్కడ ఒక సంగతి. మధ్యాహ్నం మీ డాబా మీది ట్యాంకు నీళ్లు సలసలా కాగుతుంటాయి, కుళాయి తిప్పితే ఆ నీళ్లే వస్తాయి. అందుకని వేసవి అయ్యేదాకా పొద్దునే రెండు బక్కెట్లు నింపి బాత్రూములో ఉంచుకో.

స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరమనుకుని పారాసిటమాల్ ఇవ్వొద్దు. వడదెబ్బకు అది పనిచేయదు, పైగా కుక్కకు హాని. 103కు దిగగానే నీళ్లు పోయడం ఆపి, తడిగానే కారులో వేసి ఏసీ పెట్టుకుని బయలుదేరండి. దారిలో తేరుకుని తోక ఊపినా వెనక్కి తిరగొద్దు. మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మంచిదే, కానీ ఆ సమయంలో అంత దూరం పోవడం కంటే దగ్గరి డాక్టరు ముఖ్యం. ఎండ మండే వేళ, ఆదివారం, ఎవరు తెరిచి ఉంటారో ఇప్పుడే కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించు.

ఈ ఆదివారం మీ బాబాయి అటు వస్తున్నాడు. అతని చేత డిజిటల్ థర్మామీటరు ఒకటి, మూడు మట్టి మూకుళ్లు పంపుతున్నాను. రెండు ఇంట్లో పెట్టుకుని మూడోది మీ గేటు బయట నీడలో ఉంచి రోజూ నీళ్లు మార్చు, వీధికుక్కలకు. ఏసీ పరీక్ష సంగతి, వాచ్‌మన్ భార్య ఒప్పుకున్న సంగతి రేపు రాత్రి ఫోను చేసి చెప్పు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న