తొక్కు జాడీ, కణం పొర

హనుమకొండలో ఏళ్ల తరబడి పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ఇప్పుడు కాలనీలో ఎవరు కలిసినా "సార్, ఈ యాంటీ ఆక్సిడెంట్ గోలీలు వాడొచ్చా?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నా.

1. ముందు నూనె సంగతి చూడండి. మూత తీసి వదిలేసిన నూనె, గాలిలోని ఆక్సిజన్ తగిలి, కొన్నాళ్లకు చెడు వాసన పట్టేస్తుంది. నువ్వుల నూనె పోసిన మామిడికాయ తొక్కు ఏడాది నిలుస్తుంది. పురుగు పట్టకుండా ఉప్పు చూసుకుంటుంది. నూనె చెడకుండా నువ్వుల్లోని సెసమాల్ వంటి ఫీనాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లు చూసుకుంటాయి. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో అల్లిందే. దానికీ అదే ముప్పు, అదే కాపుదల.

2. కణం ఆక్సిజన్‌తో శక్తి తయారు చేసుకుంటుంది. ఆ పనిలో కొంత ఆక్సిజన్ ఫ్రీ రాడికల్‌గా మారి, పొరలోని కొవ్వు అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. హైడ్రోజన్ పోగొట్టుకున్న అణువు ఆక్సిజన్‌తో కలిసి పక్కదాని మీద పడుతుంది. అలా గొలుసుగా సాగి పొర పాడవుతుంది. ఫీనాల్ ముందుకొచ్చి తన హైడ్రోజన్‌ను ఇచ్చేస్తుంది. తనకు మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్‌ను తనలోని ఆరు కార్బన్ల వలయమంతా పరచుకుని నిమ్మళంగా ఉంటుంది, ఇంకో అణువు జోలికి పోదు. గొలుసు అక్కడ తెగుతుంది. విటమిన్ ఇ కూడా ఫీనాలే, ఆ పొరలోనే ఉంటుంది. అది హైడ్రోజన్ ఇచ్చేశాక విటమిన్ సి దాన్ని మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. ఇంత చక్కని ఏర్పాటు నేను చెప్పిన పాఠాల్లో మరొకటి లేదు.

3. కొన్ని ఫీనాల్స్ రంగు కూడా ఇస్తాయి. అలాగని ఎరుపంతా ఫీనాల్ కాదు. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి ఎరుపు కెరోటినాయిడ్లది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ఫీనాల్. చపాటాలో తక్కువున్నది అదే. వేడి, వెలుతురు, గాలికి రంగు వెలిసిపోకుండా మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఇంట్లో కారం, పసుపు కూడా వెలుతురు తగలని డబ్బాలో ఉంచండి.

4. తిన్నదంతా కణానికి చేరదు. పసుపులోని కర్క్యుమిన్ పరీక్షనాళికలో బాగా పనిచేస్తుంది, కానీ రక్తంలోకి చేరేది స్వల్పం. మిగతా ఫీనాల్స్‌లోనూ చాలావాటిని పేగులు, కాలేయం మార్చేసి బయటికి పంపుతాయి. అయితే ఈ ఫీనాల్స్ ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలిపి, కణం తన రక్షక ఎంజైములను తానే పెంచుకునేలా చేస్తాయని ప్రయోగశాలల్లో చూశారు.

5. ఇక మీరడిగే గోలీల సంగతి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు దాదాపు 29 వేల మందితో విటమిన్ ఇ, బీటా కెరోటిన్ గోలీలను పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. విటమిన్ ఇ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గించలేదు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

6. రాగుల్లో, ఎర్ర జొన్నల్లో ఫీనాల్స్ ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి. పాలిష్ పట్టించి పారేయకండి. అల్లనేరేడు నలుపు యాంథోసయనిన్లది, ఉసిరి వగరు టానిన్లది. గోలీల సీసాకు పెట్టే డబ్బు ఈ పండ్లకు పెట్టండి. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పసుపు గోలీలు మొదలుపెట్టవద్దు.