థైరాయిడ్ కన్ను: రక్త ప్రవాహం చెప్పే జాడ

కళ్లు ఎర్రబడి, రెప్పలు ఉబ్బి, కనుగుడ్లు ముందుకు పొడుచుకు వచ్చిన రోగి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో ఉన్నారనుకుందాం. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయ పురం అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి నుంచి విశాఖపట్నం మరో 1,200 కిలోమీటర్లు. ఇంత దూరం పంపాలంటే వైద్యుడు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి: ఈ కంటి వాపు ఇంకా రగులుతోందా, చల్లారిపోయిందా?

గూడు ఇరుకైతే

థైరాయిడ్ కంటి జబ్బు ఎక్కువగా గ్రేవ్స్ వ్యాధి ఉన్నవారిలో వస్తుంది. రోగ నిరోధక వ్యవస్థ పొరబాటున థైరాయిడ్ గ్రంథితో పాటు కంటి వెనుక కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. కంటిని కదిపే కండరాలు, చుట్టూ ఉన్న కొవ్వు ఉబ్బుతాయి. పెద్దవారిలో కంటిగూడు ఘనపరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లే. ఎముక గోడలు సాగవు కాబట్టి కనుగుడ్డు ముందుకు జరుగుతుంది. లోపలి సిరలు నొక్కుకుపోయి రక్తం వెనక్కి పోలేక వాపు మరింత పెరుగుతుంది. దృష్టి నాడి నలిగితే చూపే పోవచ్చు.

వాపు చురుగ్గా ఉన్న దశలో స్టెరాయిడ్ల వంటి మందులు పనిచేస్తాయి. చల్లారాక వాటివల్ల పెద్దగా లాభం ఉండదు. మిగిలిన ఉబ్బుకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. నొప్పి, ఎరుపు, వాపు వంటి 7 లక్షణాలకు మార్కులు వేసి, 3 లేదా అంతకు మించి వస్తే చురుకైన దశగా లెక్కిస్తారు. అయితే సిరల్లో రక్తం నిలిచిపోయినా కన్ను ఎర్రగానే కనిపిస్తుంది. ఇక్కడే రక్త ప్రవాహ చిత్రాలు ఉపయోగపడతాయి.

రంగుల్లో కదలిక

దగ్గరకు వచ్చే అంబులెన్స్ సైరన్ స్వరం హెచ్చుగా, దూరమయ్యేటప్పుడు తగ్గినట్లుగా వినిపిస్తుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ వివరించిన సూత్రం ఇదే. మూసిన రెప్పపై జెల్ రాసి, ప్రోబ్‌ను ఒత్తకుండా ఆనించి అల్ట్రాసౌండ్ పంపుతారు. ఎర్ర రక్తకణాలను తాకి వచ్చే తరంగాల పౌనఃపున్యం మారుతుంది. సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో నేరుగా ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి 75 లక్షల హెర్ట్జ్ తరంగాన్ని పంపితే ఆ తేడా సుమారు 970 హెర్ట్జ్. అది చెవికి వినిపించే పరిధిలోదే. అందుకే ఈ యంత్రం ప్రవాహాన్ని చూపడమే కాదు, వినిపిస్తుంది కూడా.

సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే రక్తాన్ని ఎరుపులో, దూరమయ్యేదాన్ని నీలంలో చూపుతారు. కంటిగూడు పైభాగంలోని ప్రధాన సిరలో రక్తం వెనక్కి పోతుంది కనుక నీలంగా కనిపించాలి. గూడు బాగా ఇరుకైతే ఆ ప్రవాహం మందగిస్తుంది, ఆగుతుంది, కొన్నిసార్లు ఎదురు తిరిగి ఎర్రగా కనిపిస్తుంది. శస్త్రచికిత్సతో ఒత్తిడి తగ్గించాక మళ్లీ దారిన పడవచ్చు.

అయితే ఈ ఒక్క గుర్తుతో జబ్బును నిర్ధారించలేం. మెదడు కింద ధమని, సిర అసహజంగా కలిసిపోయినా ఇదే సిరలో రక్తం ఎదురు తిరుగుతుంది. అందుకే రక్త పరీక్షలు, సీటీ లేదా ఎంఆర్‌ఐ, కంటి పరీక్షలతో కలిపి చూడాలి. రెటీనాలోని సన్నని రక్తనాళాలను రంగు మందు లేకుండానే చూపే ఓసీటీ యాంజియోగ్రఫీపైనా పరిశోధనలు సాగుతున్నాయి.

దీవులకు ఏం లాభం?

కంటిగూడు శస్త్రచికిత్స నిపుణులు సాధారణంగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. అల్ట్రాసౌండ్ యంత్రాన్ని మాత్రం చిన్న ఆసుపత్రికీ తీసుకెళ్లవచ్చు. తగిన ప్రోబ్, కంటికి సరిపడే తక్కువ శక్తి అమరిక, శిక్షణ పొందిన చేయి కావాలి. 2020 ఆగస్టులో ప్రారంభమైన సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ గ్రేట్ నికోబార్‌కూ చేరింది. స్కాన్ చిత్రాలు రోగి కంటే ముందే నిపుణుడి దగ్గరకు చేరగలిగితే, ఎవరిని వెంటనే పంపాలో తేల్చడం తేలికవుతుంది.

రంగులు వెలిసినట్లు కనిపించినా, చూపు మసకబారినా స్కాన్ కోసం ఆగకూడదు; వెంటనే కంటి వైద్యుడిని కలవాలి. పొగతాగడం ఈ జబ్బును ముదిరేలా చేస్తుంది. దాన్ని మానడానికి మాత్రం ఏ దీవిలోనూ ఓడ కోసం ఎదురుచూడనక్కర్లేదు.