పరిమిత సమూహాల పరిశోధన: కోలారు విద్యార్థికి అందుబాటులో ఉన్న దారి

రెండు క్రియలను వెంటవెంట జరిపినా ఫలితం మళ్లీ వాటిలో ఒకటే అయ్యేలా, ప్రతి క్రియనూ వెనక్కి తిప్పే మరో క్రియ ఉండేలా కూర్చిన క్రియల కూటమిని గణితంలో సమూహం అంటారు. ఆ క్రియల సంఖ్యకు అంతు ఉంటే అది పరిమిత సమూహం. క, గ, చ అనే వరుసలో మొదటి రెండు స్థానాలను, ఆపై చివరి రెండింటిని తారుమారు చేస్తే గ, చ, క వస్తుంది. ముందు చివరి రెండింటిని మార్చి ఆపై మొదటి రెండింటిని మారిస్తే చ, క, గ వస్తుంది. క్రమం మారితే ఫలితం మారే ఈ గుణమే ఈ శాస్త్రపు కష్టానికీ అందానికీ మూలం. ఇంకా చిన్న సమూహాలుగా విడదీయలేని పరిమిత సరళ సమూహాల వర్గీకరణ దశాబ్దాలు సాగి, 2004లో ఆష్‌బాకర్, స్మిత్ ప్రచురించిన రెండు సంపుటాలతో అందులోని పెద్ద లోటు పూడింది. అయినా సమూహాలను మాత్రికలుగా చూపే ప్రాతినిధ్య సిద్ధాంతంలో తేలవలసినవి ఎన్నో ఉన్నాయి. మద్రాసులో పుట్టిన భామా శ్రీనివాసన్ మాంచెస్టర్‌లో డాక్టరేట్ చేసి, ఈ శాఖలోనే ప్రపంచ ఖ్యాతి పొందారు.

ఇలాంటి పరిశోధన కోలారుకు దూరమేమీ కాదు. 2001లో బంగారు గనులు మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) వాసులు వేలాదిగా రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి వస్తున్నారు. ఆ నగరంలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.ఎస్. నరసింహ శాస్త్రి పరిమిత సమూహాలు, జ్యామితులపై ఏళ్ల తరబడి పరిశోధించారన్న సంగతి మన తెలుగు ఇళ్లలోని పిల్లలకు చెప్పేవారు ఉండాలి. పీయూసీ తరువాత ప్రవేశ పరీక్ష రాసి అక్కడే బి.మ్యాథ్‌లో చేరవచ్చు. స్థానిక కళాశాలలో బి.ఎస్సీ. చదివినవారికి జామ్ పరీక్ష ద్వారా ఐఐటీల్లో ఎం.ఎస్సీ.కి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి ఉంది. ఎం.ఎస్సీ. తరువాత నెట్ జేఆర్‌ఎఫ్, జాతీయ ఉన్నత గణిత మండలి (ఎన్‌బీహెచ్‌ఎం) పరీక్షల ద్వారా పరిశోధన వేతనం లభిస్తుంది.

సమూహాల పరిశోధకుడన్న పేరుతో విడిగా ఉద్యోగం ఉండదని, అధ్యాపక పదవిలో ఉంటూనే పరిశోధన సాగించాలని, పీహెచ్‌డీ తరువాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక ఫెలోషిప్‌లపై ఊళ్లు మారవలసి రావచ్చని ఇంట్లోవారికి ముందే చెప్పడం మంచిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధించిన సి. ముసిలి పరిమిత సమూహాల ప్రాతినిధ్యాలపై రాసిన పాఠ్యగ్రంథాన్ని ఎం.ఎస్సీ. మొదటి ఏట చేతపట్టవచ్చు. దానితోపాటు, చేత్తో చేయలేనంత పెద్ద సమూహాలను లెక్కించే గ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను డిగ్రీలోనే నేర్చుకుని, పైన చెప్పిన మూడక్షరాల స్థానాలను మార్చే క్రియల సమూహంతోనే సాధన మొదలుపెట్టవచ్చు.